యూనివర్సిటీ పోస్టులు ఎందుకు నిండవు?

తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధనా పోస్టుల్లో మూడింట రెండొంతులకు పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సంగతి తెలుసుకోవడానికి 2023లో అక్కడి ప్రభుత్వమే భర్తీ చేస్తామన్న సంఖ్య చాలు: 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టులు. 1918 నాటి ఉస్మానియా, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో తిరుపతిలో మొదలైన శ్రీ వేంకటేశ్వర, 1976లో ఒకే ఏడాది వచ్చిన కాకతీయ, నాగార్జున... ఎక్కడికి వెళ్లి ఏ అధ్యాపకుణ్ణి పలకరించినా, జీతం గురించో ర్యాంకుల గురించో మొదలైన మాట కాసేపట్లోనే ఖాళీల దగ్గరికి వస్తుంది.

నేనూ ఈ వృత్తిలోనే ఉన్నాను. మాలో మేం మాట్లాడుకునేటప్పుడు తలా ఒక కారణం చెబుతాం. సర్కారు దగ్గర డబ్బు లేదంటారు ఒకరు. కోర్టు కేసులంటారు మరొకరు. వైస్ చాన్సలర్ల (వీసీల) నియామకంలో రాజకీయమని ఇంకొకరు, అసలు విద్యార్థులే పీజీకి రావడం లేదని వేరొకరు. అన్నీ నిజాలే. అయితే ఈ కారణాలన్నీ ఒకే చోట ముడిపడి ఉన్నాయని నా నమ్మకం. ప్రమాణాలు నిర్ణయించేది ఢిల్లీ. జీతాలివ్వాల్సింది రాష్ట్రం. నియామకం చేయాల్సింది వీసీ. ఆ వీసీ కుర్చీలో ఎవరుండాలో, అసలు ఎవరైనా ఉండాలో లేదో తేల్చేది మళ్లీ రాష్ట్రం. ఇవన్నీ ఒక్కసారి కలిసొస్తే తప్ప ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కూడా నిండదు. కలిసిరాకుండా పోయిన ప్రతి ఏడాదీ మరికొంతమంది రిటైరవుతారు.

నిబంధన ఒకరిది, ఖర్చు ఇంకొకరిది

1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. ఉన్నత విద్యలో ప్రమాణాల నిర్ణయం అంతకుముందు నుంచీ కేంద్ర జాబితాలోని 66వ అంశం కిందే ఉంది. అందుకే అధ్యాపకుడికి ఏ అర్హత ఉండాలి, వారానికి ఎన్ని గంటలు పాఠం చెప్పాలి, ఏ స్కేలు ఇవ్వాలి అన్నవి ఢిల్లీలోని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) రాస్తుంది. 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. వారానికి 16 గంటల బోధన. ఆ పై రెండు స్థాయుల వాళ్లకు 14 గంటలు.

రాసినవాళ్లే ఆ ఖర్చు భరించరు. ఏడో వేతన సంఘం స్కేళ్ల అదనపు భారంలో సగం ఇస్తామని కేంద్రం ఒప్పుకున్నది 2016 జనవరి నుంచి 2019 మార్చి వరకే. ఆ తర్వాత పూర్తి బరువు రాష్ట్ర ఖజానా మీదే. ఒక పోస్టు రెగ్యులర్‌గా నింపితే ముప్పై ఏళ్ల పాటు జీతం, ఇంక్రిమెంట్లు, డీఏ. నింపకపోతే గంటల లెక్కన ఇంకొకరు అదే పాఠం చెబుతారు. ఆర్థిక శాఖలో ఫైలు చూసే అధికారికి ఏ దారి ఇంపుగా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి పింఛన్లది. రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి ఏటా ఇచ్చే మొత్తాన్ని బ్లాక్ గ్రాంట్ అంటారు. పాత విశ్వవిద్యాలయాల్లో జీతాలూ పింఛన్లూ రెండూ అందులోంచే వెళ్లాలి. అవి రెండూ కలిపితే గ్రాంటు సరిపోదు. ఒక ప్రొఫెసర్ రిటైరైతే జీతాల పద్దు తగ్గుతుంది, పింఛన్ల పద్దు పెరుగుతుంది. పోస్టు ఖాళీ అయింది కాబట్టి డబ్బు మిగిలిందనుకుంటే పొరపాటే. శతాబ్దం దాటిన విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నవాళ్ల కంటే పింఛను తీసుకునేవాళ్లే ఎక్కువ కావడం సహజం. వాళ్ల పింఛను వాళ్ల హక్కు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ ఆ బాధ్యత విశ్వవిద్యాలయం నెత్తిన ఉన్నంతకాలం కొత్త పోస్టు అడిగే రిజిస్ట్రార్ గొంతు పెగలదు.

మిగతా లోటును విశ్వవిద్యాలయం తనే పూడ్చుకోవాలి. దారులు కొన్నే: సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, అనుబంధ కళాశాలల అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు, దూరవిద్య. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే ఆ లోటు మళ్లీ మొదటికే వస్తుంది. ఇక పరీక్షల విభాగం ఆదాయం తెచ్చినంత సమయాన్నీ మింగేస్తుంది. డిగ్రీ కాలేజీల ప్రశ్నపత్రాలు, స్పాట్ వాల్యుయేషన్, తనిఖీ కమిటీలు అన్నీ మిగిలిన ఆ కొద్దిమంది రెగ్యులర్ అధ్యాపకులకే పడతాయి. సంతకానికి రెగ్యులర్ ఉద్యోగి కావాలి మరి. ఒకే మనిషి విభాగాధిపతి (హెచ్‌ఓడీ), సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్, హాస్టల్ వార్డెన్, ఏదో ఒక సెల్‌కు డైరెక్టర్‌గా ఉండటం ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించడం లేదు.

గైడ్లు లేని పరిశోధన

ఖాళీల దెబ్బ తరగతి గదిలో వెంటనే తెలియదు. ఎవరో ఒకరు వచ్చి పాఠం చెబుతారు, సిలబస్ పూర్తవుతుంది, పరీక్ష జరుగుతుంది. దెబ్బ తగిలేది పరిశోధనకు. ఇక్కడ నిబంధనలు ఒకదాని మీద ఒకటి ఎలా పడతాయో లెక్క వేసి చూస్తే గానీ తీవ్రత అర్థం కాదు.

పీహెచ్‌డీ స్కాలర్లను ఒక్కొక్కరు ఎంతమందిని తీసుకోవచ్చో యూజీసీ చెబుతుంది: ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని. గైడ్‌గా ఉండాలంటే పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకుడై ఉండాలి. కాంట్రాక్ట్ అధ్యాపకుడికి పీహెచ్‌డీ ఉన్నా, పేపర్లు ఉన్నా, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా ఆ అవకాశం లేదు. 2022 నిబంధనలు ఇంకొక షరతు చేర్చాయి: రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు సర్వీసు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు.

లెక్క కోసం ఒక డిపార్ట్‌మెంట్ అనుకుందాం. ఇద్దరు ప్రొఫెసర్లు, నలుగురు అసోసియేట్లు, ఎనిమిది మంది అసిస్టెంట్లు, మొత్తం 14 పోస్టులు. అందరూ ఉంటే అక్కడ 72 మంది పరిశోధన చేయొచ్చు. ఇప్పుడు అందులో ముగ్గురు ప్రొఫెసర్లే మిగిలారనుకోండి. పాతికేళ్ల క్రితం చేరినవాళ్లు పదోన్నతుల మీద ప్రొఫెసర్లై, కొత్తవాళ్లెవరూ రాకపోవడంతో చాలాచోట్ల ఉన్న చిత్రం ఇదే. ముగ్గురికీ కలిపి 24 సీట్లుండాలి. వాళ్లలో ఇద్దరు రిటైర్మెంట్‌కు రెండేళ్ల దూరంలో ఉంటే కొత్తగా తీసుకోగలిగేది ఒక్కరే. ఆ ఒక్కరి దగ్గర ఇప్పటికే ఆరుగురుంటే మిగిలేవి రెండు సీట్లు. 72 మందికి చోటుండాల్సిన డిపార్ట్‌మెంట్ నోటిఫికేషన్‌లో రెండు సీట్లు చూపిస్తుంది. ఆ రెండింటికీ రోస్టర్, అంటే రిజర్వేషన్ వంతుల పట్టిక, వేయాలి. వందల మంది ఎంట్రన్స్ రాస్తారు.

ఇంకో కోణం నుంచి చూడండి. పాలమూరులోనో శ్రీకాకుళంలోనో ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చదివి, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పీజీ చేసి, జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకున్న అమ్మాయి ఉంటుంది. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. చేతికొచ్చిన అవార్డు లెటర్ మూడేళ్లే చెల్లుతుంది. ఆలోగా ఎక్కడో ఒకచోట పీహెచ్‌డీలో చేరాలి. తన డిపార్ట్‌మెంట్‌లో గైడ్ లేరు, పక్క యూనివర్సిటీలో ఆ ఏడాది నోటిఫికేషనే లేదు. ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన పిల్లకు ఢిల్లీ, పుణె వెళ్లి ప్రయత్నించడం అంత తేలిక కాదు. కేంద్రం డబ్బివ్వడానికి సిద్ధంగా ఉంది, చదివే మనిషి సిద్ధంగా ఉంది, సంతకం పెట్టే అధ్యాపకుడు లేడు. ఈ వృత్తిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సంగతి ఇదే.

నోటిఫికేషన్ దాకా వచ్చి ఆగిపోయేవి

ఎవరూ ప్రయత్నించలేదంటే అన్యాయమవుతుంది. తెలంగాణలో 2017లో 1,061 పోస్టుల భర్తీకి అనుమతి వచ్చింది, నియామకాలు జరగలేదు. 2022 సెప్టెంబరులో అన్ని విశ్వవిద్యాలయాలకూ ఉమ్మడి నియామక బోర్డు పెడుతూ శాసనసభ బిల్లు ఆమోదించింది. అది గవర్నర్ దగ్గర ఆగి, చట్టం కాలేదు. 2025 ఏప్రిల్‌లో బోర్డు ఆలోచన పక్కనపెట్టి, విశ్వవిద్యాలయాలే నియామకాలు చేసేలా ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నాటి 3,220 పోస్టుల నోటిఫికేషన్లు హైకోర్టులో ఆగాయి.

ఈ కేసులు ఎక్కువగా తిరిగేది రోస్టర్ చుట్టూ. రిజర్వేషన్ లెక్కకు యూనిట్ ఏది, డిపార్ట్‌మెంటా, మొత్తం విశ్వవిద్యాలయమా? ఇది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ఎవరికి ఉద్యోగం వస్తుందో తేల్చేది ఇదే. కేంద్ర సంస్థల్లో వాడిన 13 పాయింట్ల రోస్టర్‌లో ఓబీసీకి నాలుగో పోస్టు, ఎస్సీకి ఏడో పోస్టు, ఎస్టీకి 14వ పోస్టు వస్తాయి. డిపార్ట్‌మెంట్‌ను యూనిట్‌గా తీసుకుంటే, ఒక క్యాడర్‌లో, అంటే ఒకే స్థాయిలో, మూడే పోస్టులున్న చోట ఎవరికీ రిజర్వేషన్ రాదు. ఎస్టీ అభ్యర్థి వంతు రావాలంటే ఒకే క్యాడర్‌లో 14 పోస్టులుండాలి. అలాంటి డిపార్ట్‌మెంట్లు దేశంలో ఎన్నున్నాయి? 2017లో అలహాబాద్ హైకోర్టు డిపార్ట్‌మెంటే యూనిట్ అంది, 2018 మార్చిలో యూజీసీ దాన్నే ఉత్తర్వుగా పంపింది. దేశమంతా అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఆందోళనలు జరిగాయి. చివరికి 2019లో పార్లమెంటు చట్టం చేసి మొత్తం సంస్థనే యూనిట్‌గా తీసుకోవాలంది.

ఆ చట్టం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టుల హేతుబద్ధీకరణ జరిగినప్పుడల్లా, ఒక డిపార్ట్‌మెంట్ పోస్టు ఇంకో దానికి మార్చినప్పుడల్లా పాత రోస్టర్ ఎక్కడ ఆగింది, నిండకుండా మిగిలిన రిజర్వుడు పోస్టులు (బ్యాక్‌లాగ్) ఎన్ని, మహిళల వంతు ఎక్కడ అన్న తగువు మళ్లీ మొదలవుతుంది. కోర్టుకు వెళ్లినవాళ్లను తిట్టడం మాలో కొందరికి అలవాటు. నేను ఒప్పుకోను. పదేళ్లకోసారి వచ్చే నోటిఫికేషన్‌లో తన వంతు పోయిందనుకున్న అభ్యర్థికి ఇంకో అవకాశం ఉండదు. ఏటా నియామకాలు జరిగే చోట ఇన్ని కేసులు పడవు.

నియామకం చేయాల్సిన వీసీల సంగతీ ఇంతే. తెలంగాణలో 2019లో చాలామంది వీసీల పదవీకాలం ముగిస్తే కొత్తవాళ్లు వచ్చింది 2021 మేలో. అప్పటిదాకా ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జులుగా నడిపారు. 2024 మేలో మళ్లీ అదే జరిగి, అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారాక వీసీలు వరసగా రాజీనామాలు చేశారు, కొత్త నియామకాలు 2025 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. శాఖలో వంద పనులున్న అధికారి వారానికోసారి ఫైళ్లు చూసే విశ్వవిద్యాలయంలో రోస్టర్ ఖరారు చేసే సాహసం ఎవరు చేస్తారు? 2025 జనవరిలో యూజీసీ తెచ్చిన ముసాయిదా వీసీ సెర్చ్ కమిటీ ఏర్పాటును చాన్సలర్ చేతికి, అంటే చాలా రాష్ట్రాల్లో గవర్నర్ చేతికి ఇవ్వబోయింది. అనేక రాష్ట్రాలు గట్టిగా వ్యతిరేకించాయి. వీసీని రాష్ట్రం ఎంచుకోవాలా, గవర్నరా అన్న పోరులో అధ్యాపకుల మాట అడిగినవాళ్లు లేరు.

ఒకే స్టాఫ్‌రూంలో రెండు వర్గాలు

కాంట్రాక్ట్ నియామకాలు మొత్తం పోస్టుల్లో పది శాతం దాటకూడదని 2018 యూజీసీ నిబంధన. మన దగ్గర ఆ పది శాతం ఎప్పుడో దాటిపోయింది. 2025 ముసాయిదాలోనైతే ఆ పరిమితే లేదు. నియంత్రణ సంస్థే గీత చెరిపేస్తే ఇక రాష్ట్రాలను ఏమని అడుగుతాం?

కాంట్రాక్ట్ అధ్యాపకుడికి నెల జీతమైనా ఉంది. పార్ట్‌టైం వాళ్ల బతుకు గంటల మీద. నెలాఖరున వాళ్లు నింపే బిల్లు ఫారం చూస్తే చాలు. తేదీ, తరగతి, ఏ గంట నుంచి ఏ గంట దాకా, చెప్పిన పాఠం పేరు, ఇవన్నీ వరసగా రాసి హాజరు పట్టీతో సరిపోయిందని హెచ్‌ఓడీ సంతకం, ఆపైన ప్రిన్సిపాల్ సంతకం తీసుకోవాలి. అక్కడి నుంచి ఫైలు అకౌంట్స్ విభాగానికి. సంక్రాంతి సెలవులకు ఆ ఫారంలో వరస ఉండదు. దసరాకు ఉండదు. విద్యార్థులు ధర్నా చేసి తరగతులు ఆగిన రోజుకూ ఉండదు. పరీక్షల నెలలో ఫారం దాదాపు ఖాళీ, వేసవిలో ఫారమే లేదు. పాఠానికి ముందురోజు రాత్రి చదువుకున్న మూడు గంటలకు అందులో గడి లేదు. గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 దాకా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో చెప్పింది. చాలాచోట్ల అంత కూడా అందదు.

వీళ్లు క్రమబద్ధీకరణ అడుగుతున్నారు. వాళ్ల వాదనలో బలముంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో జూనియర్, డిగ్రీ కాలేజీల కాంట్రాక్ట్ లెక్చరర్లతో సహా 5,544 మందిని క్రమబద్ధీకరించింది. విశ్వవిద్యాలయాల వాళ్లు అందులో లేరు. పక్క కాలేజీలో సాధ్యమైంది ఇక్కడెందుకు కాదని అడిగితే సూటిగా జవాబు చెప్పే నాథుడు లేడు. అటువైపు, నెట్, పీహెచ్‌డీ పూర్తి చేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ వయసు మీద పడుతున్న నిరుద్యోగులున్నారు. పోస్టులన్నీ క్రమబద్ధీకరణకే పోతే మా గతేమిటని వాళ్ల ప్రశ్న. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, బహిరంగ పోటీ లేకుండా చేరినవాళ్లకు పర్మినెంట్ కావడం హక్కు కాదని చెప్పింది. ప్రభుత్వాలు దాన్నే అడ్డం పెట్టుకుని రెండు దశాబ్దాలు నడిపాయి. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో అదే న్యాయస్థానం వాళ్లకు ఇస్తున్న జీతాలను తీవ్రంగా తప్పుపట్టి, రెగ్యులర్ వారి కనీస వేతనంతో సమానంగా ఇవ్వమంది. ఉద్యోగ భద్రత విషయం తేలకపోయినా, సమాన పనికి సమాన వేతనం ఇవ్వకపోవడానికి ఇప్పుడు సాకు లేదు.

ఈ విషయంలో రెగ్యులర్ అధ్యాపకులు మౌనంగా ఉండటం నాకు నచ్చదు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీం (క్యాస్) పదోన్నతుల కోసం సంఘాలు గట్టిగా కొట్లాడతాయి. పక్క టేబుల్ దగ్గర కూర్చునే సహోద్యోగి బిల్లు నాలుగు నెలలు ఆగితే వినతిపత్రంతో సరిపెడతాయి.

ర్యాంకుల మెలిక

గ్రేడు ఇచ్చే నాక్ అయినా ర్యాంకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ అయినా అధ్యాపకుల సంఖ్య, పీహెచ్‌డీలు, ప్రచురణలు అడుగుతాయి. ఖాళీలుంటే ఈ మూడూ పడిపోతాయి. గ్రేడు, ర్యాంకు తగ్గితే కేంద్ర పథకాల నిధులకు పోటీలో వెనకబడతాం. నిధులొచ్చినా అవి ఎక్కువగా భవనాలకు, పరికరాలకు. 2013లో రూసాగా మొదలై తర్వాత పీఎం ఉషాగా మారిన కేంద్ర పథకం డబ్బుతో ల్యాబ్ కట్టొచ్చు, అందులో పాఠం చెప్పే రెగ్యులర్ అధ్యాపకుడికి ముప్పై ఏళ్ల జీతం ఇవ్వలేం. ఇంత లోటులోనూ 2024 ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విభాగంలో ఉస్మానియా ఆరో స్థానంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏడో స్థానంలో నిలిచాయి. అవి మిగిలిన కొద్దిమంది శ్రమ, పాత పేరు కలిసి తెచ్చిన స్థానాలు. ఇంకా ఎంతకాలం తెస్తాయో చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

పీజీకి విద్యార్థులు రావడం లేదన్న మాట కొంతవరకే నిజం. కొన్ని సైన్సు, భాషా విభాగాల్లో సీట్లు మిగిలిపోతున్నాయి. పాఠం చెప్పే మనిషి ఏటా మారే కోర్సులో పిల్లలు చేరకపోతే తప్పు వాళ్లదెలా అవుతుంది? సీట్లు నిండలేదని పోస్టు తీసేస్తారు, పోస్టు లేక సీట్లు నిండవు.

అధ్యాపకులు ఏం అడుగుతున్నారు

సంఘాలు, వర్గాలు వేరైనా కొన్ని కోరికలు కలుస్తాయి. పింఛన్లను బ్లాక్ గ్రాంటు నుంచి విడదీసి ప్రభుత్వమే నేరుగా భరించాలి. వీసీ పదవీకాలం ముగిసే నాటికే కొత్త వీసీ పేరు సిద్ధంగా ఉండాలి. భర్తీలో కాంట్రాక్ట్ సర్వీసుకు వెయిటేజీ, వయోపరిమితిలో సడలింపు ఇవ్వాలి. పూర్తి క్రమబద్ధీకరణ కోరేవాళ్లకు ఈ చివరిది చాలదు, బయటి అభ్యర్థులకు ఇది ఎక్కువ. నాకైతే ఇద్దరూ కొంత తగ్గి కలవగలిగే చోటు అదొక్కటే అనిపిస్తుంది.

నేను అన్నిటికంటే ముందు అడిగేది నియామకాల క్యాలెండర్. ఒక అధ్యాపకుడు ఏ రోజు రిటైరవుతాడో అతను చేరిన రోజే సర్వీసు రిజిస్టర్‌లో ఉంటుంది. ఖాళీ ఎప్పుడొస్తుందో పాతికేళ్ల ముందే తెలిసిన ఉద్యోగం ఇది. ఏడాది ముందు రోస్టర్ ప్రకటించి, అభ్యంతరాలు విని, ఏటా కొద్ది పోస్టులు నింపుకుంటూ పోతే ఒక ఏడాది కేసు పడినా మిగతా ఏళ్లు ఆగవు.

తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసును 60 నుంచి 65కు పెంచింది. గైడ్ల కొరత కొంత తీరుతుందని చాలామంది స్వాగతించారు. కుర్చీలు ఐదేళ్లు ఖాళీ కావని యువ అభ్యర్థులు నొచ్చుకున్నారు. మూడింట రెండొంతులు ఖాళీగా ఉన్నచోట ఉన్నవాళ్లు ఉండటం వల్ల కొత్తవాళ్లకు చోటు పోదు, ఖాళీలు నింపకపోవడం వల్లే పోతుంది. కానీ ఈ పెంపు ఇచ్చిన గడువు అనుకున్నంత పెద్దది కాదు. 2025లో 60 నిండిన ప్రొఫెసర్ 2030 దాకా పాఠం చెప్పగలడు. మూడేళ్ల షరతు వల్ల కొత్త స్కాలర్లను మాత్రం 2027 తర్వాత తీసుకోలేడు. కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ గైడ్ కావాలంటే పీహెచ్‌డీతో పాటు కనీసం మూడు ప్రచురణలుండాలి. అలాంటివాళ్లు బయట వందల్లో ఉన్నారు. వాళ్లు 2027 లోపు డిపార్ట్‌మెంట్లలో చేరితేనే వయసు పెంపు వల్ల దొరికిన సమయం పరిశోధనకు పనికొస్తుంది.